పికమును గూర్చి ఎవరిని అడగాలి? మీమాంసకుల నిర్ణయమూ, కోయల మాటా, కృత్రిమ మేధా

వేదవాక్యంలో ఒక పదం వచ్చినది. దాని అర్థం ఆర్యావర్తంలోని పండితులకు తెలియదు. శిష్టుల వ్యవహారంలో ఆ పదం లేదు, నిఘంటువులలో జాడ లేదు. అయితే అడవులలో నివసించే జనుల నోట మాత్రం అది నిత్యమూ వినబడుతున్నది. యజ్ఞం చేయవలసినవాడు ఇప్పుడు ఏమి చేయాలి? ధాతువును ఊహించి, ప్రత్యయాన్ని కల్పించి, తన వ్యాకరణ పాండిత్యంతో ఏదో ఒక అర్థాన్ని సాధించుకోవాలా? లేక అడవిలోని ఆ మనిషి వద్దకు వెళ్లి అడగాలా?

జిజ్ఞాసువులకు ఇది వింత ప్రశ్నగా తోచవచ్చును. కానీ జైమిని మహర్షి పూర్వమీమాంసా సూత్రాలలో, ప్రథమాధ్యాయం తృతీయపాదంలో, దీనికోసం ప్రత్యేకంగా ఒక అధికరణమే ఉన్నది. సంప్రదాయజ్ఞులు దానిని పికనేమాధికరణం అంటారు. పిక, నేమ, సత, తామరస అనే నాలుగు పదాలను భాష్యకారుడైన శబరస్వామి ఉదాహరించినాడు. పికమంటే కోకిల. నేమమంటే సగం. తామరసమంటే పద్మం. సతమంటే నూరు రంధ్రాలు గల గుండ్రని దారుపాత్ర. పూర్వపక్షి వాదం ఇది: శిష్టప్రయోగం లేనిచోట నిరుక్త వ్యాకరణాల సాయంతో అర్థాన్ని ఊహించుకోవడమే మేలు, మ్లేచ్ఛుల మాట ప్రమాణం ఎట్లవుతుంది? సిద్ధాంతం ఇందుకు విరుద్ధంగా తేలినది. పదం ఎవరి వ్యవహారంలో ఉన్నదో వారు చెప్పిన అర్థమే గ్రాహ్యం. శబరస్వామి చూపిన హేతువు మరింత ముచ్చటైనది. పక్షులను పట్టుటలోనూ పెంచుటలోనూ వారే మనకంటె నిపుణులు. కనుక పక్షి పేరు వారికే బాగా తెలుస్తుంది.

మ్లేచ్ఛ శబ్దం నేటి చెవికి కటువు. మీమాంసా సందర్భంలో అది ప్రధానంగా సంస్కృతేతర భాషా వ్యవహర్తలను సూచిస్తున్నది. ఆ లెక్కన మనలో చాలామంది పూర్వులు ఆ మాటలోకి వచ్చేవారే. ఈ నిర్ణయానికి ఒక పరిమితి కూడా ఉన్నదని దాచకుండా చెప్పాలి. అదే పాదంలో యవ, వరాహ శబ్దాలను గూర్చిన విచారంలో, ఒకే పదానికి రెండు అర్థాలు వాడుకలో ఉన్నప్పుడు శాస్త్రప్రసిద్ధమైన అర్థానికే బలం ఎక్కువ అని తేల్చినారు. అనగా అడవి మాటకు సర్వత్రా పట్టం కట్టలేదు. తమకు తెలియనిచోట, విరోధం లేనిచోట, తెలిసినవానిని అడగమన్నారు. అంత మాత్రమే. కానీ ఆ అంత మాత్రమే నేటి మన యంత్రనిర్మాతలలో చాలామంది ఇంకా చేయలేదు.

ఈ అధికరణాన్ని వ్యాఖ్యానిస్తూ తంత్రవార్తికంలో కుమారిలభట్టు చెప్పిన విషయం తెలుగువారందరూ తెలుసుకొనదగినది. ఆయన సుమారు 7వ శతాబ్దివాడు. ద్రావిడాది భాషలలోని హలంత పదాలను సంస్కృతాభిమానులు విన్నప్పుడు ఏమి చేస్తున్నారో ఆయన వర్ణించినాడు. కొన్ని ప్రతులలో ఈ చోట ఆంధ్రద్రావిడ అని పాఠాంతరం ఉన్నది. ఆయన ఇచ్చిన ఉదాహరణలు మాత్రం తెలుగుకంటె తమిళానికే సన్నిహితాలు.

అన్నాన్ని ఆ భాషవారు చోర్ అంటారు. విన్న పండితుడు దానికి ఒక అచ్చు తగిలించి చోర అని వింటాడు, దొంగ అనుకుంటాడు. దారిని అతర్ అంటారు. ఇతడు అతర అని చేసుకొని, నిజమే, దారి దాటరానిదే కదా అని తల ఊపుతాడు. పాప్ అంటే పాము. ఇతనికి అది పాపమైనది. నిజమే, సర్పం పాపిష్ఠిదే అంటాడు. మాల్ అంటే స్త్రీ. ఇతనికి మాలగా మారినది. వైర్ అంటే ఉదరం. ఇతడు వైరి అనుకొని, ఆకలి గొన్నవానిచేత అకార్యాలు చేయించేది కడుపే, కనుక అది శత్రువే అని సమర్థించుకుంటాడు. పొరుగున ఉన్న ద్రావిడ భాషల విషయంలోనే ఇంత స్వైరకల్పన జరిగితే, పారసీక బర్బర యవన రోమక భాషల పట్ల వీరు ఇంకేమి కల్పిస్తారో అని కుమారిలుడు పరిహసించినాడు.

ఈ అయిదు ఉదాహరణలలో రెండు దోషాలు జమిలిగా ఉన్నవి. మొదటిది, తెలియని మాటను తెలిసిన మాటగా వినడం. రెండవది ఇంకా ప్రమాదకరం: అట్లు తప్పుగా విన్నదానికి అందమైన ఉపపత్తిని కల్పించి, నిజమే కదా అనడం. మొదటి తప్పు చేసినవాడు మౌనంగా ఉంటే ఎవరో ఒకరు సరిదిద్దుతారు. ఉపపత్తి చెప్పినవానిని సరిదిద్దడం కష్టం.

ఇక మన ప్రాంతానికి వద్దాము. పూర్వపు వరంగల్లు జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు వేరైనది. మానుకోట అని పెద్దలు పిలుచుకొనే మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం, గూడూరు ప్రాంతాలు, భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారం, మహదేవపూర్, పలిమెల ప్రాంతాలు కోయల నివాసభూములు. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. కోయ మాతృభాషగా చెప్పినవారు 4 లక్షల 7 వేలు. కోయలలోనే అనేకుల ఇంటి భాష ఇప్పుడు తెలుగుగా మారినది. కోయ ద్రావిడ భాషయే. తెలుగు, గోండీలతో కలిసి దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినది. తోబుట్టువుల వంటి భాషలు కనుకనే పొరపాటుకు తావెక్కువ.

కోయలో నీటిని ఏర్ అంటారు. తెలుగువాని చెవికి అది ఏరు, అనగా వాగు. కోయలో ఇంటిని లోన్ అంటారు. తెలుగు నేర్చిన యంత్రం ముందు ఒక కోయ వృద్ధుడు ఆ మాట పలికినాడని భావించండి. వాక్కును లిపిగా మార్చే నేటి యంత్రం పనిచేసే తీరు ఇది: విన్న ధ్వనిని తాను ఇదివరకు లక్షల వాక్యాలలో చూచిన పదాలతో పోల్చి, వాటిలో మిక్కిలి సంభావ్యమైనదానిని ఎన్నుకుంటుంది. కోయ పదం దాని శిక్షణలో లేదు. కనుక లోన అనో, నేటి పత్రికలలో అంతకంటె ఎక్కువగా కనబడే బ్యాంకు లోన్ అనో వ్రాయడమే దానికి సహజం. ఇల్లు ఋణమైనది. తరువాత ఆ వాక్యాన్ని అందుకున్న భాషా నమూనా, ఇల్లు కట్టుటకు వృద్ధుడు అప్పు అడుగుతున్నాడని తడుముకోకుండా వివరించగలదు. కుమారిలుడు వర్ణించిన పండితుడు పదమూడు వందల సంవత్సరాల తరువాత విద్యుత్తుతో నడుస్తున్నాడని నాకు అనిపించడంలో తప్పున్నదా?

దేశీయ జ్ఞానాన్ని కృత్రిమ మేధలో చేర్చాలి అనే మాట ఈ మధ్య సభలలో తరచు వినబడుతున్నది. మంచిదే. కానీ చేర్చడమంటే ఏమిటో మన చరిత్రలోనే చూడవలసి ఉన్నది, ఎందుకంటే నోటి విద్యను వ్రాతలోకి దించిన ఘట్టాలు ఈ మూడు జిల్లాలలోనే ఉన్నవి.

జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర దానికి దాపుననే. 13వ శతాబ్దిలో సోమనాథుడు చేసిన పని కేవలం కావ్యరచన కాదు. వీరశైవ భక్తుల గాథలు జనుల నోళ్లలో తిరుగుతుండగా, వాటిని ద్విపదలో, జాను తెనుగులో కూర్చినాడు. వృత్తాలతో నిండిన మార్గ కావ్యానికి ఉన్న గౌరవం ద్విపదకు లేని కాలమది. బసవపురాణంలో ఉడుమూరి కన్నప్ప కథ ఉన్నది. ఆగమం తెలియని వేటగాడు నోటితో నీరు తెచ్చి స్వామికి అభిషేకించిన కథ మనకందరకూ తెలిసినదే. సోమనాథుడు ఆ వేటగానికి మంత్రం నేర్పి సంస్కరించి చూపలేదు. అతని పూజను అతని పూజగానే నిలిపినాడు. విన్నదానిని తన వ్యాకరణంలోకి వంచని కవి ఆయన. మీమాంసకుల అధికరణానికి కావ్యరూపమైన దృష్టాంతం ఇంతకంటె వేరొకటి నాకు తోచదు.

అయినా ఆ మహాకవి వద్దనే మనకు ఒక హెచ్చరిక కూడా దొరుకుతున్నది. పండితారాధ్య చరిత్రలో ఆయన తన నాటి జనుల పాటలను పేర్కొన్నాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. తెలుగు జానపద వాఙ్మయ చరిత్ర వ్రాసేవారందరూ ఈ పట్టికతోనే ప్రారంభిస్తారు. పట్టిక మిగిలినది, ఆనాటి పాటలు మిగలలేదు. వాలేశు పదం ఎట్లా పాడేవారో, ఏ సందర్భంలో పాడేవారో పండితులు ఇప్పటికీ ఊహలే చేస్తున్నారు. సోమనాథుని తప్పు ఇందులో ఏమీ లేదు; తన శ్రోతలకు ఆ పాటలు వచ్చును కనుక పేరు చెబితే చాలుననుకున్నాడు. వ్రాసేవాడు అందరికీ తెలిసినదే కదా అనుకున్నదే మొదట నశిస్తుంది.

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇంకొక రకమైన లేఖనం ఉన్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ అక్కడ చెరువు త్రవ్వించి శాసనం వేయించినది. కాకతీయుల వంశక్రమం తెలుసుకొనుటకు చరిత్రకారులకు ఆ శాసనం ముఖ్యాధారం. రాతి మీద వంశం ఉన్నది, కీర్తి ఉన్నది. తూము ఎప్పుడు ఎత్తాలి, మత్తడి దూకినప్పుడు కట్టలో ఏ చోటు ముందు తడుస్తుంది, ఏ మడికి ఎన్ని జాముల నీరు అన్నది మాత్రం రాతి మీదికి ఎక్కే విద్య కాదు. అది నీరడి కుటుంబాలలో తండ్రి నుండి కొడుకునకు వచ్చిన విద్య. చెరువుల పునరుద్ధరణకై 2015లో మిషన్ కాకతీయ ప్రారంభమైనప్పుడు పటాలు, కొలతలు, ఉపగ్రహ చిత్రాలు చేతికి అందినవి. నీరు పారిన తీరు తెలిసిన నీరడి ఊరిలో ఇంకా ఉన్నచోట ఆ కొలతలకు అర్థం చెప్పేవాడు ఉన్నాడు; లేనిచోట కొలతలు కొలతలుగానే ఉన్నవి.

శాసనం రాజవంశం వైపు నుండి మాట్లాడినది. అడవి వైపు నుండి మాట్లాడినది డోలి.

కోయలలో డోలి వాయించి కథ చెప్పే కుటుంబాలు వేరుగా ఉన్నవి. కోయ సమాజం మూడవ గట్టు మొదలు ఏడవ గట్టు వరకు గోత్రవిభాగాలుగా ఉన్నది. ఒక్కొక్క గట్టుకు తన వేల్పులు, తన మూలపురుషులు, తన వలసల కథ. ఆ కథలు పడిగె అనే వస్త్రపటం మీద చిత్రాలుగా ఉంటాయి. వేల్పుల కొలువులో పడిగెను ఎత్తి, డోలి వాయిస్తూ కథకుడు వంశచరిత్రను గానం చేస్తాడు; మరణానంతర కర్మలలోనూ అతడు రావలసినదే. చిత్రం ఒక్కటే చూచినవానికి కథ తెలియదు. కథ ఒక్కటే విన్నవానికి అది ఎవరి ఎదుట, ఏ దినమున చెప్పదగినదో తెలియదు. వేదమునకు అధ్యయన నియమాలు, అనధ్యయన దినాలు ఉన్న సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ విషయం వేరొకరు బోధించనక్కరలేదు.

సమ్మక్క సారలమ్మల కథ ఇందుకు చక్కని నిదర్శనం. మేడారం 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉన్నది, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నది. రెండేండ్లకొకసారి మాఘంలో విగ్రహం లేని ఆ గద్దెల ముందు కోట్ల జనం చేరుతారు. పత్రికలలో, కరపత్రాలలో, పాఠ్యపుస్తకాలలో మనం చదివే కథ చాలావరకు ఒకే అచ్చులో ఉంటుంది: కప్పం, కాకతీయ సైన్యం, సంపెంగవాగు, జంపన్న. కోయ డోలి కథకులు పాడేది ఆ అచ్చుతో అన్నిచోట్ల కలవదు. పద్మశ్రీ సకిని రామచంద్రయ్య ఆ కథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగినవారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. 2022లో పురస్కారం వచ్చినది, 2024లో దేహం చాలించినారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు డోలి కథకుల నోట విన్న గాథలను పుస్తకాలుగా తెచ్చినారు కనుక కొంత నిలిచినది. లేకుంటే మేడారం కథ చెప్పమని యంత్రాన్ని అడిగిన బాలకునికి వేల సార్లు అచ్చయిన ఒకే పాఠం దొరుకుతుంది, అడిగిన ప్రతివాడూ దానినే మరల వ్రాస్తాడు, వ్రాసినదానినే యంత్రం మరల చదువుకుంటుంది. సంఖ్యాబలమే ప్రామాణ్యమైన చోట నూరు మంది కథకుల గొంతు ఒక కరపత్రం పాటి కూడా చేయదు.

వ్రాత లేనిదానికి విలువ లేదన్న న్యాయం మనకు ఒకసారి అనుభవమైనదే. 1995లో గాయాలు మాన్పుటకు పసుపు వాడే పద్ధతి మీద అమెరికాలో పేటెంటు మంజూరైనది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసినది, 1997లో అది రద్దయినది. గెలిచినది దేనితో? మన అవ్వలందరకూ ఆ సంగతి తెలుసునన్న సాక్ష్యంతో కాదు. నాటి అమెరికా న్యాయం ప్రకారం పరదేశంలోని వాడుక పూర్వజ్ఞానంగా చెల్లదు. ముద్రితమైన ఆధారం కావాలి. ప్రాచీన సంస్కృత గ్రంథ భాగాలు, 1953 నాటి ఒక వైద్యపత్రికా వ్యాసం వంటివి చూపవలసి వచ్చినది. ఆ అనుభవం నుండే 2001లో సాంప్రదాయిక విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ప్రారంభమైనది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ గ్రంథాలు అందులోకి చేరినవి. ఆనందించవలసిన విషయమే. అయితే గ్రంథస్థం కానిది అక్కడ కూడా ఆలస్యంగానే నిలబడుతుంది. కొత్తగూడ అడవిలో ఏ వేరు దేనికి పనికివస్తుందో తెలిసిన కోయ వైద్యుని వద్ద చూపుటకు శ్లోకం లేదు.

శాస్త్రజ్ఞానం యంత్రవిద్యలోకి నిజంగానే ప్రవేశించిన సందర్భమూ మన రాజధానిలోనే ఉన్నది. దానిని గర్వంగా, కానీ సరిగ్గా చెప్పుకోవాలి. సంస్కృతమే గణనయంత్రాలకు ఉత్తమ భాష అని నాసా ప్రకటించినదన్న వార్తను మన భక్తబృందాలలో ఎన్ని సార్లు విన్నానో లెక్కలేదు. నాసా అట్లా ప్రకటించలేదు. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఒక వ్యాసంలో, శాబ్దబోధకై మన వైయాకరణులు వాక్యార్థాన్ని విశ్లేషించిన తీరు కృత్రిమ మేధలోని జ్ఞాననిరూపణ పద్ధతులను పోలి ఉన్నదని చూపినాడు. అది మంచి వ్యాసం. దానికి లేని మహిమను అంటగట్టనక్కరలేదు. అంతకంటె ఘనమైన పని మనవారు చేసినారు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ అక్షర భారతి అనే సమష్టి నామంతో పాణినీయ దృష్టిలో భాషాసంవిధానాన్ని గూర్చి 1995లో గ్రంథం వెలువరించినారు. ఆ పరంపర హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో కొనసాగి, హిందీ తెలుగు వాక్యాలను కర్తృ కర్మ కరణాది కారక సంబంధాలతో గుర్తించిన భాండాగారాలను నిర్మించినది. ఆంగ్ల వ్యాకరణపు కొలబద్దతో కొలిస్తే ఒదగని తెలుగు వాక్యం కారకాల కొలతలో ఒదిగినది. అదే కుమారిలుని పాఠం మనకు అనుకూలంగా పనిచేసిన తీరు: మన వాక్యాన్ని మన వ్యవహారంతో అర్థం చేసుకున్నారు. మనం పొందిన ఆ న్యాయాన్ని కోయ వాక్యానికి ఇవ్వడం మన వంతు.

ఇటీవలి యత్నాలు లేకపోలేదు. స్వేచ్ఛ సంస్థ ప్రేరణతో వేలాది విద్యార్థులు తెలుగు కథలను సేకరించి, ఓజోనెటెల్ తోడ్పాటుతో తెలుగు కథలు చెప్పే చిన్న భాషా నమూనాను నిర్మించినారు. ఆదిలాబాద్ జిల్లా ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ గోండీలో మహాభారత కథ వ్రాసినవారు; కృత్రిమ మేధా సాధనాలతో కొలామీ భాషలో పాట కూర్చినందుకు 2025లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఆయన పేరు చెప్పినారు. 2025 సెప్టెంబరు 1న కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ ఆదివాణి అనే అనువాద సాధనాన్ని విడుదల చేసినది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వాన దానిని నిర్మించిన సంస్థలలో మన ట్రిపుల్ ఐటీ కూడా ఉన్నది. తొలివిడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ. తరువాతి వరుసలో కుయి, గారో. కోయ ఆ పేర్లలో లేదు. గోండీ ఉన్నది కదా, కోయ దానికి దగ్గరిదే కదా అని ఎవరైనా అనవచ్చును. ఛత్తీస్‌గఢ్ గోండీ నేర్చిన యంత్రంతో గంగారం కోయను వినడం, చోర్‌ను చోర అని వినడంలోని పొరపాటే, కాస్త చిన్న ప్రమాణంలో.

ఇక తత్త్వ విచారానికి వస్తే, యంత్రవాక్యం ఏ ప్రమాణం? న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు ఆప్తుని లక్షణం చెప్పినాడు. విషయాన్ని తాను సాక్షాత్కరించుకొని ఉండాలి, చూచినదానిని చూచినట్లు తెలుపవలెనన్న ఇచ్ఛ ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని ఆయన స్పష్టంగా చేర్చినాడు. కోయ వైద్యుడు తన వేరు విషయంలో ఆప్తుడు. డోలి కథకుడు తన గట్టు చరిత్రలో ఆప్తుడు. యంత్రానికి సాక్షాత్కారం లేదు, తెలుపవలెనన్న ఇచ్ఛ కూడా లేదు. దానికి ఆకాంక్షా యోగ్యతా సన్నిధులతో కూడిన వాక్యం నిర్మించడం వచ్చును, కాబట్టి మనం మోసపోతాము. కర్త కనబడడు కనుక యంత్రవాక్కు అపౌరుషేయమని ఒక మిత్రుడు హాస్యమాడినాడు. కానే కాదు. కోట్ల పురుషుల వాక్కులను వారి పేర్లు తుడిచి కలిపినది అది.

పేర్లు తుడవకుండా ఉండాలంటే ఏమి చేయాలో చూపినవారు లోకంలో ఉన్నారు. న్యూజీలాండులో మావోరీల తే హికు మీడియా 2018లో తమ జనులను పిలిచి, పది రోజులలో 300 గంటలకు పైగా మావోరీ వాక్కును సేకరించి, తమ యంత్రాన్ని తామే నేర్పుకున్నది. పెద్ద సంస్థలకు ఆ దత్తాంశాన్ని అప్పగించలేదు. తాము యజమానులము కాము, సంరక్షకులము మాత్రమే అన్న భావంతో ప్రత్యేక అనుమతి పత్రం వ్రాసుకున్నారు. మన ధర్మశాస్త్రానికి ఇది కొత్త కాదు. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో ఋణాదానం తరువాత రెండవది నిక్షేపం. నమ్మి దాచుకొనుమని ఇచ్చిన వస్తువు తీసుకున్నవానిది కాదు. అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి, ఎగవేసినవాడు దొంగతో సమానంగా శిక్షార్హుడు. కోయ వృద్ధుడు ధ్వనిముద్రణకు తన గొంతు ఇచ్చినప్పుడు అది దానమా, విక్రయమా, నిక్షేపమా? నేడు మనం తెరమీద చూడకుండా ఒత్తే అంగీకారపు మీట దానిని దానంగా లెక్కకడుతున్నది. నా దృష్టిలో అది నిక్షేపం. అట్లా అనుకుంటే పని కొంత నెమ్మదిస్తుంది, ఖర్చు పెరుగుతుంది, కొన్ని కథలు యంత్రానికి దొరకనే దొరకవు. వేల్పుల ఎదుట మాత్రమే పాడవలసినది దొరకకపోవడమే న్యాయం.

బృహదారణ్యకోపనిషత్తును పారాయణం చేసేవారు ద్వితీయ, చతుర్థ, షష్ఠాధ్యాయాల చివర వచ్చే వంశబ్రాహ్మణాలను త్వరగా చదివి దాటవేస్తుంటారు. నేనూ అట్లే చేసేవాడిని. ఎవరు ఎవరి వద్ద విన్నారో వరుసగా పేర్లు, అంతే. చివరి వంశంలో ఆచార్యులను తల్లుల పేర్లతో చెప్పినారు. యాజ్ఞవల్క్యుని మహావాదాలు గల గ్రంథంలో ఈ నామావళికి అంత చోటు ఎందుకో డోలి కథకుల సంగతి చదివిన తరువాత నాకు కొంత అర్థమైనది. డోలి కథకుడు కూడా తన కథ ఏ గట్టుది, ఏ వేల్పుది, ఎవరి వద్ద విన్నది అన్న వరుసతోనే పాడుతాడు. శబరస్వామి పికమంటే కోకిల అని వ్రాసిపెట్టినాడు, మన కవులు వేయేండ్లుగా పికస్వరాలను వర్ణిస్తున్నారు. ఆ మాట చెప్పిన వేటగాడు ఏ అడవివాడో, ఏ తల్లి బిడ్డయో భాష్యంలో లేదు.